కెర్నల్ కూలాక ఆధారం మిగలాలంటే

రాత్రి 2 గంటలప్పుడు సర్వర్ ఆగి, దానంతటదే మళ్లీ లేచింది. పొద్దున లాగ్ తెరిస్తే 1:57 దాకా మామూలు వరుసలు, ఆ కిందనే కొత్త బూట్ మొదటి వరుస. మధ్యలో ఏం జరిగిందో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. ‘లాగ్‌లో ఏమీ లేదంటే హార్డ్‌వేరే పోయినట్టు’ అని తేల్చి ర్యామ్ మార్చేసి, కొన్నాళ్లకు మళ్లీ అదే ఖాళీ లాగ్ ముందు కూర్చునే బృందాలు తక్కువేమీ కాదు. నిజానికి హార్డ్‌వేర్ పోయిందనడానికి ఖాళీ లాగ్ సాక్ష్యం కానే కాదు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) ప్యానిక్ అయినప్పుడు, అంటే కోలుకోలేని తప్పు తగిలి తనే ఆగిపోయినప్పుడు, ముందస్తు ఏర్పాటు లేని ఏ లినక్స్ యంత్రంలోనైనా లాగ్ దాదాపు ఇలాగే ఉంటుంది.

కారణం సందేశం నడిచే దారిలో ఉంది. కెర్నల్ ఇచ్చే ప్రతి సందేశం ముందు ర్యామ్‌లోని ఒక వలయాకార బఫర్‌లో పడుతుంది. డీమెసేజ్ ఆదేశం చూపించేది దాన్నే. అక్కడి నుంచి, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో భాగమైన జర్నల్‌డీ అనే లాగ్ ప్రోగ్రామ్ దాన్ని చదివి తన ఫైల్‌లో రాస్తుంది. ఆ రాత కూడా వెంటనే డిస్క్ మీదికి చేరదు. డిఫాల్ట్‌గా 5 నిమిషాలకోసారి మాత్రమే డిస్క్‌కు ఖాయం చేస్తారు. క్రిటికల్, అలర్ట్, ఎమర్జెన్సీ స్థాయి సందేశాలకు మాత్రం ఆగకుండా అప్పటికప్పుడే ఖాయం చేస్తారు. ప్యానిక్ సమయంలో ఈ మినహాయింపు కూడా పనికిరాదు. ప్యానిక్ అయిన కెర్నల్ మిగతా ప్రాసెసర్లన్నిటినీ ఆపేస్తుంది, ఆపైన ఏ ప్రోగ్రామ్‌కూ వంతు రాదు. జర్నల్‌డీ కూడా ఒక మామూలు ప్రోగ్రామే కాబట్టి ఆఖరి సందేశాలు బఫర్‌లో పడ్డాయని దానికి తెలిసే అవకాశమే లేదు.

మరి కెర్నల్ తనే నేరుగా ఫైల్‌లో రాసేయొచ్చు కదా అంటే, కావాలనే రాయదు. ఆ క్షణంలో ఫైల్ సిస్టమ్ తాళాలు (లాక్‌లు) ఎవరి చేతిలో ఉన్నాయో, డిస్క్ డ్రైవర్ ఏ స్థితిలో ఉందో, మెమరీలోని పట్టికలు చెడిపోయాయో లేదో తెలియదు. లాగ్ నాలుగు వరుసలు కాపాడబోయి డేటాబేస్‌ను పాడుచేసే ప్రమాదం ఉంది. చనిపోయినవాడు తన పంచనామా తాను రాసుకోలేడు, ఆ పని ఇంకొకరికి ముందే అప్పగించి ఉండాలి. అప్పగించడానికి ఉన్నవి ప్రధానంగా నాలుగు చోట్లు: రీబూట్‌ను తట్టుకునే ర్యామ్ భాగం, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్, పక్కనున్న ఇంకో యంత్రం, ఈ పనికోసమే సిద్ధంగా ఉంచిన రెండో కెర్నల్. వీటిలో ఏదీ అన్ని సందర్భాల్లోనూ పనిచేయదు.

ముందు జర్నల్ సరిచేసుకోవాలి

ప్యానిక్ కాని చాలా సమస్యలకు జర్నల్ చాలు. అయితే అది అసలు డిస్క్ మీద ఉందో లేదో చూసుకోవాలి. జర్నల్‌డీ సెట్టింగుల్లో స్టోరేజ్ విలువ ‘ఆటో’ అయితే, /వార్/లాగ్/జర్నల్ అనే డైరెక్టరీ ఉంటేనే డిస్క్ మీద రాస్తుంది. లేకపోతే /రన్ కింద, అంటే ర్యామ్‌లోనే ఉంచుతుంది, రీబూట్‌తో అంతా పోతుంది. చిన్న ఇమేజ్‌లతో తయారైన వర్చువల్ మెషిన్లలో, ఎంబెడెడ్ బోర్డుల్లో ఇది తరచూ కనిపించే లోపం. విలువను ‘పర్సిస్టెంట్’ అని మార్చి సర్వీసును రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. స్థలం గురించి పెద్దగా భయపడక్కర్లేదు. పరిమితి ఏదీ ఇవ్వకపోతే ఆ ఫైల్ సిస్టమ్‌లో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ వరకే వాడుకుంటుంది.

పాత బూట్ల జాబితాకు జర్నల్‌సీటీఎల్‌లో ‘లిస్ట్ బూట్స్’ ఐచ్ఛికం ఉంది. క్రితం బూట్‌లోని కెర్నల్ సందేశాలు మాత్రమే కావాలంటే -బీ -1 -కే అని ఇవ్వాలి. ఆ బూట్ చివర్లో సర్వీసులు ఒక్కొక్కటిగా ఆగిన వరుసలు ఉంటే ఎవరో పద్ధతి ప్రకారం రీబూట్ చేశారని అర్థం. వాక్యం మధ్యలో కత్తిరించినట్టు ఆగిపోతే ప్యానిక్, హ్యాంగ్, కరెంటు పోవడం, వాచ్‌డాగ్ (యంత్రం పలకకపోతే తిరిగి లేపే టైమర్) రీసెట్ చేయడం – ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. ఇక్కడి నుంచి ముందుకు పోవడానికి జర్నల్ సాయపడదు.

ఊప్స్, ప్యానిక్ ఒకటి కావు. ఊప్స్ అంటే కెర్నల్ కోడ్‌లో తప్పు బయటపడటం. అది వస్తే కెర్నల్ ఆ సమయంలో నడుస్తున్న ప్రాసెస్‌ను చంపి తాను కొనసాగుతుంది. అప్పుడు జర్నల్‌డీ బతికే ఉంటుంది కాబట్టి ఊప్స్ పాఠం (టెక్స్ట్) చాలాసార్లు డిస్క్‌కు చేరుతుంది. కానీ చచ్చిన ప్రాసెస్ ఏదైనా కెర్నల్ తాళం పట్టుకుని ఉంటే అది ఎప్పటికీ విడుదల కాదు. అరగంట తర్వాత ఎక్కడో ఫైల్ తెరవబోయిన ఇంకో ప్రాసెస్ ఇరుక్కుపోతుంది, చూసేవాళ్లు దాన్నే అసలు జబ్బు అనుకుంటారు. వరుసగా వచ్చిన ఊప్స్‌లలో మొదటిదాన్నే చదవాలి అనే నియమం ఇందుకే. రెండోదాని నుంచి ‘టెయింటెడ్’ అన్నచోట డీ అక్షరం కనిపిస్తుంది. ఈ కెర్నల్ ఇంతకుముందే ఒకసారి దెబ్బతింది, ఇప్పుడు చెబుతున్న మాటను పూర్తిగా నమ్మొద్దు అని దాని భావం.

సర్వర్లలో కెర్నల్.ప్యానిక్_ఆన్_ఊప్స్ విలువను 1 చేసి, ఊప్స్‌ను అక్కడికక్కడే ప్యానిక్‌గా మార్చడమే మేలు. చెడిన మెమరీతో గంటల తరబడి డేటా రాస్తూ పోవడం కన్నా వెంటనే ఆగి ఆధారం వదిలి లేవడం నయం. దాంతోపాటు కెర్నల్.ప్యానిక్ విలువ 10 పెడితే 10 సెకన్ల తర్వాత తనే రీబూట్ అవుతుంది. డిఫాల్ట్ విలువ 0 చాలా లినక్స్ పంపిణీల్లో (ఉబుంటు, డెబియన్ లాంటివాటిలో) అలాగే ఉంటుంది, అంటే ప్యానిక్ అయిన చోటే శాశ్వతంగా నిలిచిపోవడం. లాప్‌టాప్‌లో కాప్స్‌లాక్ దీపం మిణుకుమిణుకుమంటూ తెర బిగుసుకుపోయిందంటే అదే స్థితి. కెర్నల్ 6.10లో వచ్చిన డీఆర్‌ఎం ప్యానిక్ తెర, 6.12లో దానికి చేరిన క్యూఆర్ కోడ్ సౌకర్యం గ్రాఫిక్స్ డ్రైవర్ మద్దతిస్తే ఆ బిగుసుకున్న తెర మీద సందేశాన్ని చూపిస్తాయి. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే చాలు. ఎవరూ ఎదురుగా లేని డేటా సెంటర్‌లో దీని ప్రయోజనం తక్కువ.

పీస్టోర్: పది కేబీలే, అయినా బంగారం

2011లో కెర్నల్‌లోకి వచ్చిన పీస్టోర్ చేసే పని ఒక్కటే. ప్యానిక్ క్షణంలో లాగ్ బఫర్ చివరి భాగాన్ని రీబూట్‌ను తట్టుకునే చోట పడేసి, తర్వాతి బూట్‌లో /సిస్/ఎఫ్‌ఎస్/పీస్టోర్ కింద ఫైళ్లుగా చూపిస్తుంది. డిఫాల్ట్‌గా కాపాడేది ఒక్కో డంప్‌కు సుమారు 10 కేబీ. తక్కువ అనిపిస్తుంది గానీ కూలిన ఫంక్షన్ పేరు, కాల్ ట్రేస్, రిజిస్టర్లు, టెయింట్ అక్షరాలు, లోడ్ అయిన మాడ్యూళ్ల జాబితా అన్నీ మామూలుగా అందులో పట్టేస్తాయి. ఒక్క యంత్రంలో ఒక్క డ్రైవర్ దోషం పట్టుకోవడానికి చాలాసార్లు ఇంతకన్నా అవసరం పడదు.

ఎక్కడ దాస్తుందనేది యంత్రాన్ని బట్టి మారుతుంది. సర్వర్లలో ఏసీపీఐ ఈఆర్‌ఎస్‌టీ పట్టిక (దోషాల రికార్డులను ఫర్మ్‌వేర్‌లో దాచే దారి) ఉంటే దాని ద్వారా ఫర్మ్‌వేర్ ఫ్లాష్‌లోకి పోతుంది. మామూలు పీసీల్లో యూఈఎఫ్‌ఐ (బూట్ ఫర్మ్‌వేర్) వేరియబుల్స్‌లోకి పోతుంది. ఆ స్థలం చాలా ఇరుకు, కాబట్టి లాగ్‌ను చిన్న ముక్కలుగా కోసి పెడతారు. ముక్కల వరుస తలకిందులుగా ఉంటుంది. ‘పార్ట్ 1’ అన్నదే లాగ్‌లో అన్నిటికన్నా ఆఖరి భాగం. చేత్తో చదివేవాళ్లు పెద్ద సంఖ్య నుంచి చిన్న సంఖ్యకు రావాలి. సిస్టమ్‌డీ 243 నుంచి ఉన్న సిస్టమ్‌డీ-పీస్టోర్ సర్వీస్ ఈ ముక్కలను అతికించి /వార్/లిబ్/సిస్టమ్‌డీ/పీస్టోర్ కింద పెట్టి, ఫర్మ్‌వేర్‌లోని నకళ్లను చెరిపేస్తుంది. ‘పీస్టోర్ ఖాళీగా ఉంది’ అనుకునేవాళ్లు ముందు ఈ రెండో చోట చూడాలి.

చెరపడం ఎందుకు ముఖ్యమో 2013 మొదట్లో తెలిసొచ్చింది. కొన్ని శాంసంగ్ లాప్‌టాప్‌లు యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లినక్స్ బూట్ చేశాక మళ్లీ లేవకుండా పోయాయి. మొదట అనుమానం ఒక లినక్స్ డ్రైవర్ మీదికి పోయింది. తర్వాత లినక్స్ డెవలపర్ మాథ్యూ గ్యారెట్, వేరియబుల్ స్థలాన్ని నింపేస్తే విండోస్ నుంచి కూడా అదే జరుగుతుందని చూపించారు. ఫర్మ్‌వేర్‌లో దోషం, కెర్నల్ కూలినప్పుడు రాసే డంప్ దాన్ని బయటపెట్టే దారుల్లో ఒకటి. అప్పటి నుంచి ఎక్స్86 కెర్నల్ సుమారు 5 కేబీ అయినా మిగలకపోతే కొత్త వేరియబుల్ రాయడానికి ఒప్పుకోదు. ఆ భయంతోనే కొన్ని పంపిణీలు యూఈఎఫ్‌ఐ పీస్టోర్‌ను డిఫాల్ట్‌గా ఆపి ఉంచుతాయి. ఈఎఫ్‌ఐ_పీస్టోర్.పీస్టోర్_డిసేబుల్ అనే బూట్ పరామితికి ‘ఎన్’ ఇస్తే మొదలవుతుంది.

ఫర్మ్‌వేర్ సదుపాయం లేని ఆర్మ్ బోర్డుల్లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్‌బుక్‌లలో రామూప్స్ వాడతారు. ర్యామ్‌లో కొంత భాగాన్ని, ఉదాహరణకు 1 ఎంబీ, డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల పట్టికలో) రిజర్వ్ చేసి అందులోనే రాస్తారు. రికార్డ్ సైజు, కన్సోల్ సైజు లాంటివి 2 ఘాతాల్లో ఇవ్వాలి, లేకపోతే కెర్నల్ కిందికి సవరిస్తుంది. కన్సోల్ సైజు ఇవ్వడం మరవకూడదు. ఇచ్చినప్పుడు ప్యానిక్ రాకుండా వాచ్‌డాగ్ రీసెట్ చేసినా ఆఖరి కన్సోల్ వరుసలు ‘కన్సోల్-రామూప్స్-0’ ఫైల్‌లో మిగులుతాయి. రీసెట్ సమయంలో ర్యామ్ రిఫ్రెష్ ఒక్క క్షణం ఆగి కొన్ని బిట్లు మారిపోవచ్చు. అందుకు ఈసీసీ (దోష సవరణ) పరామితి 1 చేస్తే రీడ్-సోలమన్ పద్ధతిలో సవరించుకుంటుంది.

దీన్ని చెడగొట్టేది సాధారణంగా మనుషులే. యంత్రం బిగుసుకోగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపుతారు. విద్యుత్తు తెగితే ర్యామ్‌లోదంతా పోతుంది, రామూప్స్‌కు వెచ్చని రీబూట్ ఒక్కటే దారి. ప్యానిక్ తర్వాత తనే లేచేలా పైన చెప్పిన 10 సెకన్ల గడువు పెట్టడం ఇక్కడ మరీ అవసరం. బూట్‌లోడర్ ప్రతిసారీ ర్యామ్ తుడిచే రకమైతే రామూప్స్ పని చేయదు, ఆ సంగతి కావాలని ఒకసారి కూల్చి చూసుకుంటే తెలిసిపోతుంది.

పక్క యంత్రానికి చెప్పి పోవడం

నెట్‌కన్సోల్ కెర్నల్ సందేశాలను యూడీపీ ప్యాకెట్లుగా నేరుగా నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ద్వారా పంపుతుంది. పంపే పోర్టు 6665, అందుకునే పోర్టు 6666 డిఫాల్ట్. అటువైపు నెట్‌క్యాట్ వింటూ ఉన్నా చాలు, ఆర్‌సిస్‌లాగ్ ఉంటే ఇంకా మేలు. రెండు చోట్ల ఎక్కువగా తప్పుతుంది. అందుకునే యంత్రం వేరే సబ్‌నెట్‌లో ఉంటే దాని మ్యాక్ చిరునామా కాకుండా గేట్‌వే మ్యాక్ ఇవ్వాలి, ఎందుకంటే కూలుతున్న కెర్నల్ ఏఆర్‌పీ (ఐపీ చిరునామాకు మ్యాక్ వెతికే పద్ధతి) ద్వారా అడిగి తెలుసుకునే స్థితిలో ఉండదు. రెండోది కన్సోల్ లాగ్ స్థాయి. అది తక్కువగా ఉంటే ప్యానిక్ వరుసలు వస్తాయి గానీ అంతకుముందు డ్రైవర్ గొణిగిన హెచ్చరికలు రావు. డీమెసేజ్ -ఎన్ 8 అని పెంచుకోవాలి. వైఫై మీద దీన్ని నమ్ముకోకూడదు. ప్యాకెట్లకు ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ దాటనివ్వకూడదు కూడా.

సీరియల్ కన్సోల్ వయసు ఎక్కువ, నమ్మకమూ ఎక్కువే. సర్వర్లలో బీఎంసీ (సర్వర్‌ను దూరం నుంచి అదుపు చేసే విడి చిప్) ద్వారా సీరియల్ ఓవర్ ల్యాన్ దొరుకుతుంది, ఐపీఎంఐటూల్‌తో కలిపి అవతలి వైపు నిరంతరం ఫైల్‌కు రాయించుకోవచ్చు. కానీ 115200 బాడ్ అంటే సెకనుకు 11,520 బైట్లే. 256 కేబీ బఫర్ మొత్తం వెళ్లడానికి సుమారు 23 సెకన్లు పడుతుంది. వేల ప్రాసెస్‌ల స్టాక్ ట్రేస్‌లు ఒక్కసారిగా పోయాలని చూస్తే ఆ ముద్రణే ప్రాసెసర్‌ను పట్టి ఉంచి, సాఫ్ట్ లాకప్ (ప్రాసెసర్ ఒకే పనిలో ఇరుక్కుంది అనే) హెచ్చరికలు తెప్పిస్తుంది. రోగాన్ని చూడబోయి కొత్త రోగం తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది.

కేడంప్: ముందే కూర్చోబెట్టిన రెండో కెర్నల్

పదుల ప్రాసెసర్లు, వందల డ్రైవర్ దారాలు (థ్రెడ్లు) ఉన్న చోట 10 కేబీ పాఠం చాలదు. ఎవరు ఏ తాళం పట్టుకున్నారో, ఏ నిర్మాణంలో ఏ విలువ ఉందో చూడాలంటే మెమరీ చిత్రమే కావాలి. 2005లో కెర్నల్ 2.6.13తో వచ్చిన కేఎగ్జెక్, దాని మీద నిలబడ్డ కేడంప్ ఇందుకే ఉన్నాయి. బూట్ సమయంలోనే ర్యామ్‌లో కొంత భాగాన్ని పక్కనపెట్టి, అందులో చిన్న కెర్నల్‌ను, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్‌కు కావలసిన చిన్న ఫైల్ సిస్టమ్‌ను) నింపి ఉంచుతారు. ప్యానిక్ అవగానే బయోస్ దాకా పోకుండా నేరుగా ఆ కెర్నల్‌లోకి దూకుతారు. పాత కెర్నల్ మెమరీ అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది, కొత్త కెర్నల్‌కు /ప్రోక్/వీఎమ్‌కోర్ అనే ఫైల్‌గా కనిపిస్తుంది. దాన్ని వడకట్టి డిస్క్‌లోకో, ఎన్‌ఎఫ్‌ఎస్‌కో, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఇంకో యంత్రానికో పంపి రీబూట్ చేస్తారు.

పక్కనపెట్టే మెమరీ ఎంత అన్నదే మొదటి చిక్కు. ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ లినక్స్) 9 ఎక్స్86 యంత్రాలకు ఇచ్చే డిఫాల్ట్ ఇలా ఉంటుంది: 1 నుంచి 4 జీబీ ర్యామ్ ఉంటే 192 ఎంబీ, 4 నుంచి 64 జీబీ ఉంటే 256 ఎంబీ, ఆపైన 512 ఎంబీ. ఈ మెమరీ మామూలు పనికి దక్కదు. దాన్ని చూసి ‘వృథా’ అని తగ్గించేవాళ్లు ఉంటారు. తగ్గించిన ఫలితం సరిగ్గా కావలసిన రోజున కనిపిస్తుంది. రెండో కెర్నల్‌కే మెమరీ చాలక, డంప్ రాయాల్సిన ప్రోగ్రామ్‌నే అది చంపేస్తుంది. నిల్వ కార్డులు, నెట్‌వర్క్ కార్డులు ఎక్కువగా ఉంటే వాటి డ్రైవర్లే చాలా మెమరీ తింటాయి. అంచనాకు కేడంప్‌సీటీఎల్‌లో ‘ఎస్టిమేట్’ ఉంది, అది చెప్పినదాని కన్నా కాస్త ఎక్కువే ఇవ్వడం క్షేమం. ఉబుంటు, డెబియన్‌లలో కేడంప్ అమర్చడానికి కేడంప్-టూల్స్ ప్యాకేజీ ఉంది, దాని స్థితిని కేడంప్-కాన్ఫిగ్ ‘షో’ ఆదేశం చూపిస్తుంది. ఏ పంపిణీ అయినా /సిస్/కెర్నల్/కేఎగ్జెక్_క్రాష్_లోడెడ్ ఫైల్‌లో 1 కనిపించాలి. 0 ఉంటే మిగతాదంతా అలంకారమే.

డంప్ పరిమాణాన్ని మేక్‌డంప్‌ఫైల్ నిర్ణయిస్తుంది. దానికిచ్చే -డీ 31 లోని 31 అయిదు సంఖ్యల మొత్తం: సున్నాలతో నిండిన పేజీలు 1, ప్రైవేటు కాని కాష్ పేజీలు 2, ప్రైవేటు కాష్ 4, ప్రోగ్రాముల డేటా 8, ఖాళీ పేజీలు 16. అన్నీ వదిలేస్తే మిగిలేది కెర్నల్ సొంత మెమరీ. వందల జీబీల ర్యామ్ ఉన్న సర్వర్ డంప్ కూడా దీనివల్ల చేతికందే సైజుకు వస్తుంది. ఫైల్ సిస్టమ్ దోషం వెతికేటప్పుడు మాత్రం కాష్ పేజీలు అవసరం కావచ్చు, అప్పుడు 31ని తగ్గించాలి. డంప్‌తోపాటు వీఎమ్‌కోర్-డీమెసేజ్ అనే పాఠం ఫైల్ కూడా పడుతుంది. అసలు డంప్ సగంలో ఆగినా చాలాసార్లు ఇది దక్కుతుంది.

విఫలమయ్యే తీరులు కొన్ని మళ్లీమళ్లీ కనిపిస్తాయి. రెయిడ్ కార్డు మార్చారు, కేడంప్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి కట్టలేదు, రెండో కెర్నల్‌కు డిస్కే కనపడదు. /వార్/క్రాష్ ఉన్న పార్టిషన్ నిండి ఉంది. బీఎంసీ వాచ్‌డాగ్ గడువు 2 నిమిషాలు, డంప్‌కు 6 నిమిషాలు కావాలి, మధ్యలోనే రీసెట్ కొట్టేస్తుంది. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఇంకో గోడ. లక్స్2 తాళానికి వాడే ఆర్గాన్2 పద్ధతి కావాలనే 1 జీబీ వరకు మెమరీ అడుగుతుంది, 256 ఎంబీ కెర్నల్ దాన్ని తెరవలేదు, పైగా పాస్‌వర్డ్ కొట్టేవాళ్లు అక్కడ ఉండరు. అలాంటి యంత్రాల డంప్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌తో బయటికి పంపడమే సులువు. ఎన్‌క్రిప్షన్ లేని ప్రత్యేక పార్టిషన్ పెట్టుకోవచ్చు గానీ, డిస్క్ తాళం చెవి కూడా మెమరీలో భాగమే కాబట్టి డంప్‌లో అది బయటపడే వీలుంది. తాళం వేసి చెవి గుమ్మం ముందు పెట్టడం తెలివి కాదు.

పీస్టోర్, కేడంప్ రెండూ పెట్టుకున్నాం, ఒకటి తప్పినా ఇంకోటి ఉందిలే అనే ధీమా ఒకటి ఉంది. అది సగమే నిజం. కేడంప్ లోడ్ అయి ఉంటే ప్యానిక్ దారిలో కెర్నల్ ముందు దానిలోకే దూకుతుంది, పీస్టోర్‌కు రాసే అడుగు ఆ తర్వాతది, అక్కడికి చేరనే చేరదు. రెండో కెర్నల్ మధ్యలో చతికిలబడితే రెండూ పోయినట్టే. క్రాష్_కేఎగ్జెక్_పోస్ట్_నోటిఫయర్స్ అనే బూట్ పరామితి ఈ వరుసను తిప్పి, ముందు పీస్టోర్‌కు రాశాక కేడంప్‌లోకి పంపుతుంది. దానికీ ధర ఉంది. కూలిన కెర్నల్‌లో ఎంత ఎక్కువ కోడ్ నడిస్తే అది మధ్యలో బిగుసుకునే అవకాశం అంత పెరుగుతుంది. ఫర్మ్‌వేర్ నమ్మదగినదైతే తిప్పడం మంచిదే. లేదంటే నెట్‌కన్సోల్‌ను కేడంప్‌కు తోడుగా పెట్టుకోవడం తక్కువ ప్రమాదం, ఎందుకంటే ప్యానిక్ పాఠం దూకడానికి ముందే తీగ మీదికి పోతుంది.

ఇదంతా అమర్చాక ఒకసారి నిజంగా కూల్చాలి. సేవలు ఆపి, సింక్ చేసి, రూట్‌గా /ప్రోక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్‌లోకి ‘సీ’ అక్షరం రాస్తే కెర్నల్ వెంటనే ప్యానిక్ అవుతుంది. కీబోర్డు మీద అదే సిస్‌ఆర్‌క్యూ సీ నొక్కితే చాలాచోట్ల ఏమీ కాదు. ఉదాహరణకు ఉబుంటులో కెర్నల్.సిస్‌ఆర్‌క్యూ డిఫాల్ట్ విలువ 176, అంటే సింక్, రీడ్-ఓన్లీగా మార్చడం, రీబూట్ ఈ మూడింటికే అనుమతి. రూట్ నేరుగా ఫైల్‌లోకి రాస్తే ఈ అనుమతి లెక్కలోకి రాదు. పరీక్ష కొత్త యంత్రంలో ఒకసారి చేసి వదిలేయకూడదు. కెర్నల్ పెద్ద వెర్షన్ మారినా, నిల్వ కార్డు మారినా మళ్లీ చేయాలి. ప్రొడక్షన్ యంత్రాన్ని కూల్చడానికి ఎవరూ ఒప్పుకోరు, అందుకని లోడ్ బ్యాలెన్సర్ వెనక చేర్చే ముందు, ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని కానివ్వాలి.

కూలకుండా బిగుసుకుంటే

ప్యానిక్ రాకపోతే పైన చెప్పిన చాలా ఏర్పాట్లు మొదలే కావు. హ్యాంగ్‌ను ప్యానిక్‌గా మార్చుకోవాలి. ఒక ప్రాసెసర్ 20 సెకన్ల పాటు షెడ్యూలర్‌కు చిక్కకపోతే కెర్నల్ సాఫ్ట్ లాకప్ అని అరుస్తుంది, సాఫ్ట్‌లాకప్_ప్యానిక్ విలువ 1 అయితే అక్కడే కూలుతుంది. డిస్క్ కోసం 120 సెకన్లు కదలకుండా పడి ఉన్న ప్రాసెస్‌లకు హంగ్_టాస్క్_ప్యానిక్ ఉంది. దీన్ని తొందరపడి పెట్టకూడదు. నెమ్మదించిన ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఒక్కటి చాలు, ఆరోగ్యంగా ఉన్న పది యంత్రాలను కూల్చడానికి. ఏదీ పట్టుకోని హ్యాంగ్‌కు బీఎంసీ నుంచి ఎన్‌ఎంఐ (ప్రాసెసర్ పక్కనపెట్టలేని అంతరాయ సంకేతం) పంపడమే చివరి దారి. ఐపీఎంఐటూల్‌లో ‘ఛాసిస్ పవర్ డయాగ్’, వర్చువల్ మెషిన్లలో విర్ష్ ‘ఇంజెక్ట్-ఎన్‌ఎంఐ’, అమెజాన్ ఈసీ2లో డయాగ్నస్టిక్ ఇంటరప్ట్ చేసేది ఇదే. అవతల కెర్నల్.అన్‌నోన్_ఎన్‌ఎంఐ_ప్యానిక్ 1గా ఉంటేనే ఫలితం. కేవీఎం మీద నడిచే అతిథి యంత్రానికి కేడంప్ లేకపోయినా బయటి నుంచి విర్ష్ డంప్ ‘మెమరీ-ఓన్లీ’ తీసుకోవచ్చు.

ఎన్‌ఎంఐకీ పలకకపోతే, పీస్టోర్ ఖాళీ, కేడంప్ ఖాళీ అయితే, అప్పుడు హార్డ్‌వేర్ మాట ఎత్తవచ్చు. బీఎంసీ ఈవెంట్ లాగ్, ర్యాస్‌డీమన్ సేకరించే మెమరీ దోషాల లెక్క అప్పుడు చూడాల్సినవి.

డంప్ ఉంది, చదవడానికి తాళంచెవి లేదు

వీఎమ్‌కోర్‌ను క్రాష్ అనే సాధనంతో తెరవాలంటే ఆ కెర్నల్‌కే చెందిన డీబగ్ సమాచారంతో కూడిన వీఎమ్‌లినక్స్ ఉండాలి. /బూట్‌లో ఉండే వీఎమ్‌లినజ్ పనికిరాదు, అది కుదించి, గుర్తులు (ఫంక్షన్ల పేర్లు, చిరునామాలు) తీసేసిన రూపం. వెర్షన్ సంఖ్య ఒకటే అయితే చాలదు, బిల్డ్ ఐడీ కలవాలి. ఆర్‌హెచ్‌ఈఎల్ కుటుంబంలో డీఎన్‌ఎఫ్ (ప్యాకేజీలు ఎక్కించే సాధనం) మామూలుగా మూడు కెర్నల్‌లనే ఉంచి పాతవి తీసేస్తుంది. క్రాష్ జరిగిన రెండు నెలలకు ఎవరో డంప్ తెరుద్దామని కూర్చుంటే ఆ కెర్నల్ యంత్రంలో ఉండదు. డంప్ పక్కనే డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ, సొంతంగా కట్టుకున్న మాడ్యూళ్ల గుర్తులు తీయని ఫైళ్లు, బూట్ పరామితులు ఒకే డైరెక్టరీలో పెట్టేయాలి. పాఠం మాత్రమే ఉన్నప్పుడు కూడా ఇవి కావాలి. కేఏఎస్‌ఎల్‌ఆర్ (కెర్నల్‌ను ప్రతిసారీ మెమరీలో వేరే చోట ఉంచే రక్షణ) వల్ల చిరునామాలు ప్రతి బూట్‌కూ మారతాయి, ఫంక్షన్ పేరు, దానిలో ఎన్నో బైటు అన్నది మారదు. కెర్నల్ సోర్స్‌తో వచ్చే డీకోడ్_స్టాక్‌ట్రేస్ స్క్రిప్టుకు ఆ పాఠాన్ని, డీబగ్ సమాచారమున్న వీఎమ్‌లినక్స్‌ను ఇస్తే సోర్స్ ఫైల్‌లో వరుస సంఖ్య దాకా తీసుకుపోతుంది.

విండోస్‌లోనూ ఇదే సూత్రం, దాచే చోటు వేరు. బ్లూ స్క్రీన్ సమయంలో డంప్ ముందు బూట్ డ్రైవ్ మీది పేజీ ఫైల్‌లోకి పోతుంది, తర్వాతి బూట్‌లో మెమరీ.డీఎంపీ ఫైల్‌గా బయటికి వస్తుంది. స్థలం కలిసొస్తుందని పేజీ ఫైల్ తీసేసినా, వేరే డ్రైవ్‌కు మార్చినా, డెడికేటెడ్ డంప్ ఫైల్ పెట్టుకోకపోతే డంప్ రాదు. మినీడంప్ 64-బిట్‌లో 256 కేబీ, ఆటోమేటిక్ అనేది విండోస్ 8 నుంచి డిఫాల్ట్. డొమైన్‌లో చేరని పీసీలో ఖాళీ స్థలం 25 జీబీ కన్నా తక్కువైతే పెద్ద డంప్‌ను విండోస్ తనే చెరిపేస్తుంది. ఆల్వేస్‌కీప్‌మెమరీడంప్ విలువ 1 చేస్తే ఉంచుతుంది.

డంప్ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో 2024 జులై 19 నాటి క్రౌడ్‌స్ట్రైక్ (భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ) సంఘటన చూపించింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చిన రోజు అదే. చేరిన క్రాష్ డంప్‌లను మైక్రోసాఫ్ట్ విన్‌డీబగ్‌తో తెరిచి, క్రౌడ్‌స్ట్రైక్ వారి సీఎస్‌ఏజెంట్ అనే డ్రైవర్ తనది కాని మెమరీని చదవబోయిందని జులై 27న వివరించింది. ఎక్కడ పడిందో డంప్ అంత కచ్చితంగా చెప్పింది. ఎందుకు చదవబోయిందో మాత్రం క్రౌడ్‌స్ట్రైక్ తన కోడ్‌ను, ఆ రోజు పంపిన 291వ నంబరు ఛానల్ ఫైల్‌ను పక్కపక్కన పెట్టి చూశాకే తేలింది. 20 విలువలు అందించిన చోట 21వ విలువ కోసం చూసింది. అందుకే డంప్‌తోపాటు ఆ రోజు యంత్రంలోకి వచ్చిన కాన్ఫిగరేషన్, అప్‌డేట్ ఫైళ్ల నకలు కూడా దాచాలి.

మెమరీ డంప్‌లో పాస్‌వర్డ్‌లు, టీఎల్‌ఎస్ కీలు, ఖాతాదారుల వివరాలు ఉంటాయి. -డీ 31 ప్రోగ్రాముల పేజీలను వదిలేసినా నెట్‌వర్క్ బఫర్లు, కీరింగ్ కెర్నల్ మెమరీలోనే ఉంటాయి. కాబట్టి ఫైల్ అనుమతి 600, నిల్వ ఎన్‌క్రిప్ట్ చేసిన చోట, బయటి విక్రేతకు పంపాల్సి వస్తే ముందు వీఎమ్‌కోర్-డీమెసేజ్ మాత్రమే. దానితో తేలకపోతేనే పూర్తి డంప్, అదీ ఒప్పందం చూసుకున్నాక. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్టిలో ఖాతాదారుల వివరాలున్న డంప్ కూడా వ్యక్తిగత డేటాయే. మరోవైపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు ఐసీటీ వ్యవస్థల లాగులను 180 రోజుల పాటు దేశంలోనే ఉంచమంటాయి. పాఠం లాగులను ఆ గడువు మేరకు ఉంచి, దోషం తేలి సవరణ ఎక్కిన డంప్‌లను మాత్రం వెంటనే తుడిచేసేలా రెండిటికీ వేర్వేరు గడువులు పెట్టుకోవడం ఆచరణలో కుదిరే పద్ధతి.